కుడిచేతిలో తాళంచెవి

కోర్టులో సాక్షి నవ్వకూడదని ఎక్కడా రాసి లేదట. ఈ మాట చెప్పింది పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు వకీలు. "రాసి లేదు గానీ, దయచేసి నవ్వకండి" అని కూడా అన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ మంగళవారం పదకొండు గంటల నలభై నిమిషాలకు, డెబ్భై ఆరేళ్ళ వయసులో, సాక్షి బోనులో నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేటట్టు నవ్వాను. నాకంటే ముందు నవ్వడం మొదలుపెట్టిన మనిషి మరొకరున్నారు. ఆ కేసులో భర్తను పోగొట్టుకున్నది ఆవిడే.

ఇదంతా వరుసగా చెప్పాలి. వరుస తప్పితే నాకు అన్నం సయించదు.

నేను నలభై ఒక్క ఏళ్ళు సినిమాల్లో కంటిన్యుటీ రాశాను. ఒక దృశ్యాన్ని ముక్కలు ముక్కలుగా, వేరు వేరు రోజుల్లో తీస్తారు. సోమవారం నాయకుడు గుమ్మం బయట ఎడమచేత్తో గొడుగు పట్టుకుంటే, శుక్రవారం గుమ్మం లోపలికి వచ్చేటప్పుడు కూడా అది ఎడమచేతిలోనే ఉండాలి. ఏ బొత్తాం ఊడి ఉంది, గ్లాసులో మజ్జిగ ఎంతవరకు ఉంది, గోడ గడియారం ఎంత చూపిస్తోంది, ఇవన్నీ చూసి రాసిపెట్టడం నా పని. అందులో మొదటి సూత్రం, చెయ్యి రాసేటప్పుడు నటుడి చెయ్యి రాయాలి, చూసేవాళ్ళ వైపు కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మనకు ఎడమవైపున కనిపిస్తుంది. కొత్తవాళ్ళందరూ ఇక్కడే బోల్తా పడతారు. పదహారు మందికి ఈ పని నేర్పాను. పదహారు మందినీ ఈ ఒక్క తప్పుకే తిట్టాను.

సెట్లో నాకు సొంత నియమం ఒకటి ఉండేది. నేను రాసినదాంట్లో తప్పు పట్టుకున్నవాళ్ళకి ఆ పూట భోజనంలో నా గుడ్డు ఇచ్చేసేదాన్ని. ఉడికించిన కోడిగుడ్డు ఆ రోజుల్లో మనిషికి ఒకటే వేసేవారు, కాబట్టి అది చిన్న విషయం కాదు. నలభై ఒక్క ఏళ్ళలో పదకొండు గుడ్లు పోయాయి. వాటిలో మూడు ఒక్కడే తిన్నాడు. 

అతను జూనియర్ ఆర్టిస్టు, గుంపులో నిలబడే మనిషి. పెళ్ళి సీనులో మూడో వరుస, పోలీసు స్టేషన్లో రెండో కానిస్టేబులు, శవయాత్రలో పాడె మోసే వెనక భుజం. నా సినిమాల్లో పందొమ్మిది సార్లు చచ్చాడు. ఒక సినిమాలో ఇంటర్వెల్‌కి ముందు కత్తిపోటుకి చచ్చి, తరవాత పెళ్ళి విందులో పప్పు గరిట పట్టుకుని నిలబడ్డాడు. నేను చూడలేదు, డైరెక్టరు చూడలేదు. అతనే గరిట కింద పెట్టి వచ్చి, "అమ్మా, నేను మొన్ననే సచ్చిన గదా, ఇయ్యాల పప్పు ఎట్ల ఒడ్డిస్త?" అన్నాడు. మూడో గుడ్డు అదే. ఉప్పు లేనిదే తినేవాడు కాదు. సెట్టంతా తిరిగి ఉప్పు తెచ్చుకుని, చిటికెడు చిటికెడు చల్లుకుంటూ, అందరూ చూసేటట్టు తినేవాడు.

నేను సాక్ష్యం చెప్పవలసి వచ్చింది ఇతని మీదే.

మా అపార్టుమెంటు ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో ఉంది. నాది రెండో అంతస్తు, మెట్లు ముప్పై ఆరు. ఎదురు తలుపు వాళ్ళింట్లో ఆయన ఎడిటరు, ఆమె సినిమాలకి దుస్తులు కుట్టే టైలరు. ఆమెది షేక్‌పేటే, పుట్టిందీ పెరిగిందీ. ఆయనది మా కృష్ణా జిల్లా వైపు. ఇద్దరికీ పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళయినా ఒకరి యాస మీద ఒకరు వేళాకోళం మానలేదు. సినిమా విడుదల దగ్గరపడితే ఎడిటర్లకి నిద్ర ఉండదు. ఆ నెలలో ఆయన మూడు రోజులు వరసగా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. నిద్ర ఆపడానికి ఏవో బిళ్ళలు వేసుకుంటాడని ఆమెకు తెలుసు. ఎక్కడినుంచి వస్తాయో తెలియదు.

పని మానేశాక కూడా నాకు రాసే అలవాటు పోలేదు. మధ్యాహ్నం గాలికి తలుపు తీసి కూర్చుంటాను, మెట్ల మీద ఎవరు వచ్చారో, చేతిలో ఏముందో ఒక పుస్తకంలో రాసుకుంటాను. అందరూ నవ్వేవారు. కింద వాచ్‌మన్ రిజిస్టరులో మాత్రం, వచ్చిన ప్రతి మనిషి పేరు దగ్గరా "ఫ్రెండు" అని ఒకటే మాట ఉంటుంది.

ఆ గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఎదురు తలుపు దగ్గర పాత జూనియర్ ఆర్టిస్టు నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది గానీ నిలబడే తీరు మారలేదు, ఇప్పటికీ ఎవరికీ అడ్డం రాకుండా ఒక పక్కకే.

"ఏరా, ఇంకా బతికే ఉన్నావా?" అన్నాను.

"ఇరవయ్యోసారి సావనీకి డేట్లు దొరుకుతలేవమ్మా" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత అతను మెట్ల పక్కన ఉన్న పిట్టగోడ మీదికి వంగి స్కూటరు తాళంచెవితో ఏదో చేస్తున్నాడు. ఎడిటరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. లోపల నా కుక్కరు కూసింది, నేను లేచి వెళ్ళిపోయాను. పప్పు దించి వచ్చేసరికి అతను లేడు. పుస్తకంలో రాశాను: "4:20. తాళంచెవి కుడిచేతిలో. కాగితం పొట్లం ఎడమచేతిలో. చొక్కా పై బొత్తాం లేదు."

ఏడూ పదికి ఆమె పనినుంచి వచ్చింది. ఆయన కీబోర్డు మీద తల పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని, దుప్పటి కప్పడానికి వెళ్ళింది. బంజారా హిల్స్‌లోని ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయిందని చెప్పారు. అంతకంటే ఆ సాయంత్రం గురించి నేను రాయను.

మూడో రోజుకే పోలీసులు అతన్ని పట్టుకున్నారు. స్కూటరు డిక్కీలో పొట్లాలు దొరికాయి. అమ్మిన నేరానికి తిరుగులేదు. చిక్కు రెండో నేరంతో వచ్చింది, అంటే ఎడిటరు చావుకి అతన్ని బాధ్యుణ్ణి చేయడం. చుట్టాలూ, ఫిల్మ్‌నగర్ వాళ్ళూ అందరిదీ ఒకటే మాట. తనంతట తనే మింగాడు కదా, ఎవరైనా నోట్లో పోశారా? ఆయన సొంత తమ్ముడే ఆ మాట అన్నాడు.

ఆ రోజు ఆమె మా ఇంట్లో కింద కూర్చుని, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా నాతో అంది: "అందరు గదే మాట, అమ్మా. ఆయనే ఏస్కుండట, ఆయనే సచ్చిండట. నాకేం పైసలొద్దు. వాన్ని ఉరి తియ్యమని గూడ అంటలేను. సంపినోడు సంపిండని ఒక్క కాయితం మీద రాయాలె. నాకు గంతే గావాలె."

పీపీ గారు మాకు విడమరిచి చెప్పారు. అమ్మితే చాలదు. ఆ బిళ్ళ మనిషిని చంపగలదని తెలిసి ఇచ్చాడని చూపించాలి. అసలు ఆ రోజు అతను వేషం అడగడానికే వచ్చాడనీ, ఏమీ ఇవ్వలేదనీ అవతలి వకీలు వాదన. ఆ సమయంలో మెట్ల మీద ఉన్న మూడో మనిషిని నేనొక్కదాన్నే. నా పుస్తకం కోర్టుకి వెళ్ళింది. దాని అట్ట మీద నంబరు వేశారు. నలభై ఒక్క ఏళ్ళలో నా పుస్తకానికి దక్కిన మొదటి గౌరవం అది.

ఇక మా వాళ్ళ హడావుడి చెప్పాలి. కింది అంతస్తులో ఒక రిటైరైన మేకప్‌మ్యాన్ ఉన్నారు. సాక్ష్యానికి ముందు ఆదివారం ఆయన నన్ను మేడ మీదికి పిలిచి రిహార్సల్ పెట్టారు. అవతలి వకీలు ఆయనే. జడ్జి ఎదురింటి టైలరు అమ్మాయే, మెడలో టేపుతో, బోర్లించిన నీళ్ళ బకెట్టు మీద కూర్చుంది.

"చెప్పమ్మా!" అని ఆయన వేలెత్తి గర్జించారు. "నీ కళ్ళకి శుక్లాల ఆపరేషన్ జరిగిన మాట వాస్తవమా, కాదా?"

"రెండు కళ్ళకీ జరిగింది. అందుకే మీ విగ్గు అంచు ఊడిపోవడం కనబడుతోంది" అన్నాను.

జడ్జి బకెట్టు మీంచి జారి కింద పడింది. భర్త పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. నవ్వితే ఆగేది కాదు, వెక్కిళ్ళు వచ్చేవి. వెక్కిళ్ళ మధ్యనే తీర్పు చెప్పింది: "వకీలుకు... విగ్గు... జప్తు!"

మంగళవారం పొద్దున మేకప్‌మ్యాన్ పౌడరు డబ్బాతో వచ్చి కూర్చున్నారు. "బోనులో లైటింగ్ బాగోదండీ. కాస్త పెద్దతనం తెప్పిస్తే జడ్జి గారికి జాలి కలుగుతుంది."

"ఇంకేం పెద్దతనం తెప్పిస్తవ్ సారూ, ఆమె ఏమన్న మిగిల్చిందా?" అంది అమ్మాయి. కారులో చెక్‌పోస్టు దాటేదాకా అదే తలుచుకుని ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. భయం వేస్తే మనిషికి అలా అవుతుందని నాకు తెలుసు. డ్రైవరు అద్దంలో చూసి, పెళ్ళికి వెళుతున్నారా అని అడిగాడు.

బోను ఎక్కాను. ఎదురుగా, గదికి అవతలి వైపు, అతను నిలబడి ఉన్నాడు. ఇక్కడ కూడా కొంచెం పక్కకే. పీపీ గారు అడిగినవన్నీ చెప్పాను. అవతలి వకీలు లేచారు. ఆయన గర్జించలేదు. చాలా మెత్తగా మాట్లాడారు.

"అమ్మగారూ, మీరంటే మాకు గౌరవం. అతను ఆ రోజు ఎలా నిలబడ్డాడో ఒక్కసారి చూపించండి."

చూపించాను. ఎదురుగా అతన్నే చూస్తూ, అద్దంలో చూసినట్టు, ఇటు వంగి అటు చెయ్యి పెట్టి, "తాళంచెవి ఎడమచేతిలో ఉంది, పొట్లం కుడిచేతిలో ఉంది" అన్నాను.

ఆయన నా పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివారు. "తాళంచెవి కుడిచేతిలో. పొట్లం ఎడమచేతిలో." పుస్తకం మూశారు. "నలభై ఒక్క ఏళ్ళు ఇదే పని చేశానని ఇందాకే సెలవిచ్చారు. ఏది నిజం? పుస్తకమా, మీరా? లేక ఆ రోజు మీరు చూసిందే లేదా?"

పదహారు మందిని తిట్టిన తప్పే నేను చేశాను. ఎదురుగా ఉన్నవాడి చెయ్యి నా వైపునుంచి చెప్పాను. సర్దుకుని చెప్పవచ్చు, కానీ సర్దుకున్న మాట సర్దుకున్నట్టే వినబడుతుంది. వెనక వరసలో అమ్మాయిని చూశాను. రెండు చేతులతో టేపు కొసలు పట్టుకుని, బిగించి లాగుతోంది. మెడలో టేపుతోనే కోర్టుకి వచ్చిందని అప్పుడే గమనించాను.

"కుడిచెయ్యే, అమ్మా."

గొంతు అవతలి బోనులోంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. అతను చెయ్యెత్తి నిలబడ్డాడు, సెట్లో నా తప్పు పట్టినప్పుడు ఎత్తినట్టే.

"నువ్వు మాట్లాడకు" అన్నారు అతని వకీలు.

"అట్లెట్ల సార్? బుక్కుల కరెక్టే ఉన్నది, అమ్మనే ఉల్టా జెప్పింది. ఎడమచేత్తోని గోలి ఎట్ల పల్గుతది? నాది కుడిచేతి వాటం. తాళంచెవి కుడిచేత్తోని పట్కొని గోడ మీద గోలి రెండు తునకలు జేసి సూపించిన. సగమే ఏస్కో అన్నా, గీ సరుకు శాన తేజున్నది, నిండుది ఏస్కుంటె మళ్ళ లేవవు అని జెప్పి మరీ ఇచ్చిన. నా తప్పేం లేదు జడ్జి మేడం, మంచిగ జెప్పిన, ఆయనే ఇనలే."

జడ్జి గారి పెన్ను ఆగింది. వకీలు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు. అతను మాత్రం నా వైపు తిరిగి, ముఖమంతా వెలిగిపోతూ అన్నాడు: "గుడ్డు నాదే గదమ్మా?"

స్టెనో గొంతు సన్నగా వచ్చింది. "గుడ్డు కూడా టైపు చెయ్యాలా, మేడం?"

వెనక వరసలో మొదటి వెక్కిలి వినబడింది. తరవాత రెండోది. తల పక్కకి తిప్పుకున్నాను, లాభం లేకపోయింది. బకెట్టూ విగ్గూ పెళ్ళి పప్పూ అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. జడ్జి గారు మమ్మల్ని బయటికి పంపకుండా, "సాక్షికి మంచినీళ్ళు ఇవ్వండి. అన్నీ టైపు చెయ్యండి" అన్నారు. నీళ్ళు తాగుతూ చూశాను. అతను కూడా మాతోపాటు నవ్వుతున్నాడు. తరవాత తన వకీలు ముఖం చూశాడు. నవ్వు పెదవుల మీద ఉండగానే కళ్ళలోంచి పోయింది. నేను రాసుకోని కంటిన్యుటీ అదొక్కటే.

తరవాత వాయిదాలో జడ్జి గారు అతన్నే అడిగారు, ఆ మాట వెనక్కి తీసుకుంటావా అని. వకీలు ఎంత నేర్పించినా వెనక్కి తీసుకోలేదు. జాగ్రత్త చెప్పి ఇచ్చాడు కాబట్టి తన తప్పేం లేదని అతని గట్టి నమ్మకం. చెప్పగలిగాడంటే తెలుసన్నమాట కదా. అది అతనికి చివరిదాకా తట్టలేదు.

ఈలోగా మేకప్‌మ్యాన్ ఫిల్మ్‌నగర్ అంతా ప్రచారం చేశారు. అమ్మగారు కావాలనే తప్పు చెప్పి, ముద్దాయి నోట నిజం కక్కించారట. టీ కొట్టు దగ్గర నాకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు. అది నిజంగా తప్పేనని చెప్పినకొద్దీ నా తెలివి ఇంకా పెరిగిపోయేది. చివరికి ఎదురింటి అమ్మాయి కూడా తలుపు వేసి మరీ అడిగింది.

"నాకొక్కదానికి జెప్పు అమ్మా. కావాల్ననే జెప్పినవా?"

"లేదే. తప్పే."

"నా మీద ఒట్టు?"

"నీ మీద కాదు, నా పుస్తకం మీద ఒట్టు. తప్పే."

"అయితె ఇంక మంచిది. మనం గుంజలే. వాని నోట్లకెల్లి వాడే తీసిండు."

తీర్పు కొన్ని నెలల తరవాత ఒక శుక్రవారం. పొద్దున్నే లేచి ఒక కోడిగుడ్డు ఉడికించి స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను. కారులో అమ్మాయి మూత తీసి చూసింది.

"గిదేందమ్మా?"

"నియమం. తప్పు నాది, పట్టుకున్నది వాడు."

"నా మొగన్ని సంపినోనికి గుడ్డు పెడ్తవా?"

నియమం పెట్టినప్పుడు ఇలాంటి రోజు వస్తుందని నేను అనుకోలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తొమ్మిది నిమిషాలు గడిచాయి. తరవాత, అటు తిరిగే, "ఎన్నోది?" అంది.

"వాడికి నాలుగోది. నాకు పన్నెండోది."

ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. వెక్కిలి వచ్చాక నవ్వని తెలిసింది.

రెండు నేరాలూ రుజువయ్యాయి. శిక్ష ఎన్నేళ్ళన్నది ఆమె వినిపించుకోనే లేదు. పీపీ గారి నల్లకోటు చెయ్యి పట్టుకుని, "రాసిన్రా సార్? కాయితం మీద రాసిన్రా?" అని అడుగుతోంది. ఆయన కాగితాలు తిరగేసి, ఒక వరస మీద వేలు పెట్టి చూపించారు. అది ఇంగ్లీషు, ఆమెకు రాదు. మెడలోంచి టేపు తీసి ఆ వరసను కొలిచింది. "ఆరంగుళాల పొడుగున్నది" అని నాకు చెప్పింది. తరవాత పీపీ గారికి చెప్పింది. తరవాత గుమ్మం దగ్గర కానిస్టేబులుకి చెప్పింది. అతను ఏమిటో అర్థం కాక, "మంచిదమ్మా" అన్నాడు. "మంచిదే గదా!" అని అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఆ కానిస్టేబులే అతన్ని మా ముందునుంచి తీసుకువెళ్ళాడు. అతను ఆమె వైపు చూడలేదు. నా చేతిలో డబ్బా చూసి ఆగాడు.

"గుడ్డేనా అమ్మా?"

మూత తీశాను.

"బయటి తిండి ఇయ్యరాదమ్మా" అన్నాడు కానిస్టేబులు.

అతను డబ్బాలోకి వంగి చూశాడు. "ఉప్పు మర్సిపోయిన్రు" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆమె డబ్బా లాక్కుని, గుడ్డు తీసి, పెంకు ఒలిచింది. నాకు సగం ఇవ్వడానికి విరవబోయింది. బొటనవేళ్ళు మధ్యలో పెట్టి, ఆగిపోయింది.

"సగమెందుకు" అంది. గుడ్డంతా ఒక్కసారే నోట్లో పెట్టుకుంది.

బుగ్గలు రెండూ ఉబ్బాయి. అదే సమయానికి వెక్కిలి వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. నేను లేచి వీపు మీద చరుస్తూ, "ఓసి నీ దుంప తెగ, గుడ్డు తెచ్చింది నేను! ఇప్పుడు నీకేమైనా అయితే నన్ను బోనెక్కిస్తారే!" అన్నాను.

ఆమె మింగింది. పచ్చసొన పొడి నా చీర మీదంతా రాలింది. ఊపిరి తీసుకుని, మళ్ళీ నవ్వులో పడి, ఎలాగో అంది: "సగమే తినుమని నువ్వు జెప్పలే గదా!"

ఇంటికి వచ్చాక రాశాను: "12:05. వరండా. ఉప్పు లేదు. గుడ్డు కుడిచేతిలో." పక్కనే, ఈసారి పొరపాటు లేకుండా, "ఆమె కుడిచేతిలో" అని కూడా రాశాను.